రోగానికి కాళ్లు లేవు

నలభై సంవత్సరాలకు పైబడిన మాట ఇది. 1980 ప్రాంతాలలో నేను పశువైద్యునిగా క్రొత్తగా ఉద్యోగంలో ప్రవేశించి, రాయలసీమలో ఒక మెట్టప్రాంతపు తాలూకాలో పనిచేస్తూ ఉండేవాణ్ణి. ఆ తాలూకా కేంద్రంలో వారానికొకసారి పశువుల సంత సాగేది. ఒకమారు సంత ముగిసిన ఎనిమిది తొమ్మిది దినాలకు, ఒకదానికొకటి దూరంగా ఉన్న మూడు గ్రామాలనుండి ఒకే విధమైన కబురు వచ్చినది. పశువులు మేత ముట్టడంలేదు. ఒళ్లు కాలిపోతున్నది. కండ్లవెంట, ముక్కువెంట నీరు ధారగా కారుతున్నది. చిగుళ్లమీద, పెదవుల లోపల తవుడు చల్లినట్లు తెల్లని పొర కనిపిస్తున్నది. మరి రెండుమూడు దినాలకు విరేచనాలు పట్టుకొని, లేవలేక పడిపోతున్నవి. ఆ లక్షణాలను చూచిన పశువైద్యునికి ఆ రోజులలో సందేహానికి తావుండేది కాదు. అది రిండర్‌పెస్టు. పల్లెలలో దానిని పెద్దరోగమనీ, ముసరరోగమనీ పలువిధాల పిలిచేవారు.

ఆ మూడు గ్రామాలకు ఒకే చెరువు లేదు. ఒకే బీడు లేదు. మరి రోగం మూడుచోట్ల ఒకేమారు ఎట్లు తలయెత్తినది? ఇంటింటా విచారించగా సంగతి బయటపడినది. మొదట జబ్బుపడిన పశువులన్నీ ఆ సంతకు పోయివచ్చినవే. అన్నీ ఒకే చింతచెట్టు నీడన కట్టివేసినవే. ఆ నీడలోనే నాలుగవ గ్రామంనుండి అమ్మకానికి వచ్చిన ఎద్దు ఒకటి ఆ పూటంతా నిలిచి ఉన్నది.

ఆ ఎద్దును అమ్మిన రైతును వెదకుకొంటూ వెళ్లినాను. వయసు మళ్లినవాడు, ఊరిలో మాటకు విలువగలవాడు. నన్ను అరుగుమీద కూర్చుండబెట్టి, మజ్జిగ ఇచ్చి, దాచకుండా చెప్పినాడు. "జతలో ఒకటి కంటినీరు కారుస్తూ మేత మానివేసింది, అయ్యా. అది పోతుందని నాకు తెలిసిపోయింది. రెండవదానికి ఇంకా ఏమీ కాలేదు. దాని డబ్బయినా దక్కుతుందని సంతకు తోలినాను. మీతో చెబితే ఏమవుతుంది? నా గొడ్లను ఎవరూ చెరువుకు రానీయరు. పోయిన ఎద్దును మీరు తెచ్చి ఇస్తారా?"

నేను జవాబు చెప్పలేకపోయినాను. ఆయన చేతిలో పెట్టడానికి నాదగ్గర ఏమీ లేదు. కాని కథ అంతటితో ముగియలేదు. ఆ ఎద్దును కొన్నవాడు ఆయన కూతురిని ఇచ్చిన ఊరివాడే. పదిహేను దినాలలో రోగం ఆ ఊరంతా ప్రాకి, కూతురి అత్తవారింటి పాడిగేదెను కూడా తీసుకొనిపోయినది.

ఆనాడు నాకు తెలిసివచ్చినదే నేటి నా ప్రసంగానికి విషయం. అంటురోగానికి కాళ్లు లేవు. అది తనంతట తాను ఒక ఊరినుండి మరొక ఊరికి నడువలేదు. దానిని ఎవరో ఒకరు మోయవలసి ఉన్నది. ఆ మోసేది ఎవరు, ఏ దారిని మోస్తున్నారు అనే రెండు ప్రశ్నలకు సమాధానం దొరికిననాడు, మందు ఉన్నా లేకున్నా, రోగాన్ని నిలుపవచ్చును.

అంటురోగాలలో చాలావాటికి మూలం కంటికి కనిపించని సూక్ష్మజీవులని నేడు చిన్నపిల్లలకు కూడా తెలుసును. అయితే ఆ సూక్ష్మజీవికి ఒక ఇబ్బంది ఉన్నదనే సంగతి మనం అంతగా ఆలోచింపము. అది ప్రవేశించిన ప్రాణి మరణించినదా, సాధారణంగా దానితోపాటు అదీ నశిస్తుంది. ప్రాణి కోలుకొన్నదా, చాలా రోగాలలో శరీరమే దానిని తరిమివేస్తుంది. కనుక ఆ కొద్ది దినాలలోనే అది మరొక ప్రాణిని చేరుకోవలె. పూరిండ్ల వరుసలో నిప్పు అంటుకొన్నట్లు ఊహించుకొనండి. ఒక ఇల్లు కాలిపోకముందే ప్రక్క ఇంటిని అందుకొంటేనే ఆ నిప్పు బ్రతుకుతుంది. వరుసలో నడుమ నడుమ పెంకుటిండ్లు ఉన్నట్లయితే నిప్పు అక్కడికి వచ్చి ఆరిపోతుంది. వెనుకనున్న పూరిల్లు కూడా దక్కుతుంది.

దీనినిబట్టి అంటురోగపు గొలుసులో మూడు కడియాలు ఉన్నవని చెప్పవచ్చును. మొదటిది, రోగం ఉన్న ప్రాణి. రెండవది, రోగం ప్రయాణం చేసే దారి. మూడవది, రోగాన్ని తట్టుకొనలేని ఆరోగ్యవంతమైన ప్రాణి. రోగిని వేరుచేయడం మొదటి కడియాన్ని త్రెంచడం. దారిని మూసివేయడం రెండవదానిని త్రెంచడం. టీకా వేయడం మూడవదానిని త్రెంచడం. మూడింటిలో ఏ ఒక్కటి తెగినా గొలుసు ఊడిపోతుంది. మనుష్యులకైనా, పశువులకైనా, పైరులకైనా సూత్రం ఇదే.

దారులు అనేకం. నీటిదారి ఒకటి. 1854లో లండను నగరంలో బ్రాడ్ స్ట్రీటు అనే వీధి చుట్టుప్రక్కల కలరా వ్యాపించి కొద్ది వారాలలో ఆరువందలమందికి పైగా మరణించినారు. ఆ కాలపు వైద్యులలో చాలామంది చెడుగాలివల్ల కలరా వస్తుందని నమ్మేవారు. జాన్ స్నో అనే వైద్యుడు మాత్రం మరణాలు సంభవించిన ఇండ్లను ఒక్కొక్కటిగా పరిశీలించి, వాటిలో చాలావరకు ఒకే చేతిపంపు నీటిని త్రాగేవని గుర్తించినాడు. ఆయన మాటమీద 1854 సెప్టెంబరు 8వ తేదీన ఆ పంపు పిడిని తీసివేసినారు. కలరా సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ ఈజిప్టులోను, ఆపైన మన కలకత్తాలోను పరిశోధించి నిరూపించినది 1884 నాటికి గాని కాదు. అనగా శత్రువు ముఖం లోకానికి తెలియడానికి ముప్పది సంవత్సరాల ముందే దాని దారి తెలిసినదన్నమాట.

కీటకాల దారి మరొకటి. ఈ దారి బయటపడినది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20వ తేదీన అక్కడ సైనిక వైద్యాధికారిగా ఉన్న రోనాల్డ్ రాస్, మలేరియా రోగి రక్తం పీల్చిన దోమను కోసి చూచి, దాని కడుపుగోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. మరుసటి సంవత్సరం కలకత్తాలో పక్షులకు వచ్చే మలేరియాను పరిశీలించి, ఆ జీవి దోమ లాలాజల గ్రంథులను చేరి, దోమకాటుతో మరొక పక్షికి ప్రాకుతున్నదని నిరూపించినాడు. ఈ కృషికి 1902లో ఆయనకు నోబెల్ బహుమానం లభించినది. అంతకు పూర్వం చలిజ్వరమంటే మన్యపు గాలి, మన్యపు నీరు అని భయపడేవారు. రాస్ పరిశోధన తరువాత, భయపడవలసినది గాలికి కాదు, ఇంటి చుట్టూ నిలిచిన నీటికని తెలిసినది. ఇదే తీరున వరిపైరుకు వచ్చే తుంగ్రో తెగులును పచ్చదీపపు పురుగు ఒక దుబ్బునుండి మరొక దుబ్బుకు మోస్తుంది. దోమ మనిషికి చేసినదే ఈ పురుగు పైరుకు చేస్తున్నది.

దారిని మూసివేసినంత మాత్రాన రోగం అంతమవుతుందా అని మీకు సందేహం కలుగవచ్చును. దానికి నారికురుపును ఉదాహరణగా చెబుతాను. దిగుడుబావులలో మెట్లు దిగి నీరు ముంచుకొనే ప్రాంతాలలో ఈ వ్యాధి ఉండేది. మన ఆంధ్రప్రదేశ్‌లో కూడా కొన్ని ప్రాంతాలు దీనికి ఆటపట్టులుగా ఉండేవి. కాలిలోనుండి పొడవైన, దారమువంటి పురుగు చర్మాన్ని చీల్చుకొని బయటికి వస్తుంది. బాధ భరించలేక రోగి ఆ కాలిని బావినీటిలో పెడితే, పురుగు వేలకొలది పిల్లలను ఆ నీటిలో విడుస్తుంది. వాటిని నీటిలోని సన్నని ప్రాణులు మ్రింగుతవి. ఆ నీటిని వడగట్టకుండా త్రాగినవారికి సంవత్సరం తరువాత మరల నారికురుపు లేస్తుంది. దీనికి టీకా లేదు. పురుగును చంపే మందు లేదు. ముఖ్యమైన ఉపాయాలు రెండు: కురుపు ఉన్నవారిని నీటిలో దిగనీయకపోవడం, త్రాగేనీటిని సన్నని గుడ్డతో వడగట్టడం. 1980 తరువాతి సంవత్సరాలలో ప్రభుత్వం ఊరూరా రోగులను వెదకించి, దిగుడుబావులను మార్పించి, చేతిపంపులు వేయించి, వడగట్టే గుడ్డలు పంచిపెట్టినది. మన దేశంలో చివరి నారికురుపు 1996లో రాజస్థానంలో కనిపించినది. 2000 సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంలో ఈ వ్యాధి లేదని ధ్రువపరచినది. వేల సంవత్సరాల వ్యాధిని జయించినది ఒక గుడ్డపేలిక, ఒక మంచి అలవాటు.

ఇక మశూచి. మా నాయనమ్మ ముఖంమీద దాని మచ్చలుండేవి. నా ఎడమ భుజంమీద టీకామచ్చ ఉన్నది. నా మనుమల భుజంమీద ఆ మచ్చ లేదు. మూడు తరాలలో ఒక మహమ్మారి చరిత్ర అంతా మా ఇంట్లోనే కనిపిస్తుంది. 1796లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ గోమశూచి రసంతో మశూచిని నివారించవచ్చునని నిరూపించినాడు. కాని టీకా చేతికి వచ్చిన తరువాత కూడా రోగం నూటడెబ్బది సంవత్సరాలకు పైగా మనుష్యులను చంపుతూనే వచ్చినది. మన దేశంలో 1962లో జాతీయ నిర్మూలన కార్యక్రమం ప్రారంభమయి, కోట్లకొలది టీకాలు వేసినా, రోగం మాత్రం పోలేదు.

కారణం ఏమిటి? ఎన్ని కోట్లమందికి వేసినా టీకా అందని ఇల్లు ఎక్కడో ఒకచోట మిగిలేది. రోగం సరిగా ఆ ఇంటికే పోయేది. అందుచేత 1973 నుండి పద్ధతి మార్చినారు. ఆరోగ్య కార్యకర్తలు మశూచి రోగి చిత్రపటం చేతబట్టుకొని ఇంటింటికి తిరిగినారు. "ఇటువంటి పొక్కులున్నవారిని ఎక్కడయినా చూచినారా?" అని బడిపిల్లలను, సంతలో వర్తకులను, బిచ్చగాండ్రను సైతం అడిగినారు. రోగి ఉన్నాడని తెలిపినవారికి బహుమానం ప్రకటించి, 1975లో దానిని వెయ్యి రూపాయలదాకా పెంచినారు. రోగి దొరికిన వెంటనే అతనిని ఇంటిలోనే వేరుగా ఉంచి, చుట్టూ ఉన్న ఇండ్లన్నిటికీ టీకాలు వేసి, పెంకుటిండ్లతో పూరిల్లును చుట్టివేసినట్లు చుట్టివేసినారు. 1975 మే నెల తరువాత మన దేశంలో మశూచి లేదు. 1980 మే 8వ తేదీన ప్రపంచంలోనే లేదని ప్రపంచ ఆరోగ్య సభ ప్రకటించినది. గమనించండి: టీకా మారలేదు. మారినది వెదకే తీరు, చెప్పే తీరు. రోగాన్ని దాచుకొన్నంతకాలం అది బ్రతికినది. బయటపెట్టిన రెండు సంవత్సరాలకే చచ్చినది.

నేను మొదట ప్రస్తావించిన రిండర్‌పెస్టు కూడా ఇట్లే పోయినది. ఈ మాట వినగానే మీలో పెద్దవారికి కొంత ఆశ్చర్యం కలుగవచ్చును. ఎందుకనగా అది ఎంత నిశ్శబ్దంగా పోయినదంటే, పోయినట్లు కూడా చాలామందికి తెలియదు.

ఈ రోగం చరిత్ర పెద్దది. పద్దెనిమిదవ శతాబ్దంలో ఇది యూరపు ఖండంలోని పశుసంపదను ఊడ్చివేసినప్పుడు, దానిని ఎదుర్కొనడానికే ఫ్రాన్సులోని లియాన్ నగరంలో లోకంలోని మొదటి పశువైద్య పాఠశాల వెలసినది. 1890 ప్రాంతాలలో ఆఫ్రికా ఖండంలో ప్రవేశించి, అనేక ప్రాంతాలలో నూటికి ఎనభై తొంబై పశువులను చంపివేసినది. దున్నే ఎద్దులు లేక, పాలు లేక ఇథియోపియాలో ఘోరమైన క్షామం వచ్చినది. మనదేశంలో దీని విషయమై ఒక విచారణసంఘం 1871లోనే నివేదిక సమర్పించినది. 1920లో భారతదేశంనుండి బ్రెజిలుకు ఓడమీద పోతున్న పశువులను దారిలో బెల్జియం దేశపు ఆంట్‌వెర్ప్ రేవులో దించగా, ఆ దేశంలో రిండర్‌పెస్టు అంటుకొన్నది. ఒక దేశపు గోష్ఠంలోని జబ్బును దాచితే మరొక ఖండానికి ముప్పు అని దేశాలన్నిటికీ అప్పుడు తెలిసినది. దాని ఫలితంగా 1924లో ఇరువదియెనిమిది దేశాలు చేరి అంతర్జాతీయ పశువ్యాధుల సంస్థను స్థాపించినవి. పశువులకు ఎక్కడ ఏ రోగం వచ్చినా దాచకుండా ఒకరికొకరు తెలుపుకోవడమే దాని ముఖ్యోద్దేశం.

మనదేశంలో 1954లో రిండర్‌పెస్టు నిర్మూలన కార్యక్రమం ఆరంభమైనది. మొదట మేక కణజాలంనుండి తయారైన టీకాను వాడేవారు. అది గట్టి టీకాయే గాని, కొన్ని పశువులకు దానివల్ల జ్వరం తగిలేది. అందుచేత టీకా వేయడానికి వచ్చినామంటే దూడలను గడ్డివాముల వెనుక దాచివేసేవారని నా పై అధికారులు చెప్పుకొని నవ్వేవారు. 1960 ప్రాంతాలలో వాల్టర్ ప్లోరైట్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు కెన్యాలో మరింత సురక్షితమైన టీకాను రూపొందించినారు. ఒకమారు వేస్తే పశువుకు జీవితాంతం రక్షణ. కాని అది వేడికి ఆగేది కాదు. ఐసుగడ్డలు నింపిన ఫ్లాస్కును సైకిలుకు కట్టుకొని, ఎండ ఎక్కకముందే ఊరు చేరవలెనని మేము తెల్లవారుజామున బయలుదేరేవారము. ఐసు కరిగిపోతే టీకా నీటితో సమానం.

ఇన్ని చేసినా దక్షిణ భారతంలో మాత్రం రోగం చాలాకాలం మిణుకుమిణుకుమంటూ మిగిలి ఉన్నది. మశూచి విషయంలో వలెనే ఇక్కడకూడా, గ్రుడ్డిగా అందరికీ టీకా వేయడం చాలదనీ, రోగం దాగి ఉన్న చోటును వెదకి పట్టుకొనవలెననీ తేలినది. సంతదారులు, మందలు మేతకు పోయే దారులు, రాష్ట్రాల సరిహద్దులు కనిపెట్టవలసివచ్చినది. 1995లో తమిళనాడులో కనిపించినదే మనదేశంలో చివరి రిండర్‌పెస్టు. ఆ తరువాత టీకాలను కావాలనే మానివేసినారు. ఇది వినడానికి వింతగా ఉంటుంది. కాని టీకాలు వేస్తున్నంతకాలం రోగం నిజంగా పోయినదో, టీకా చాటున దాగి ఉన్నదో తేల్చడం సాధ్యం కాదు. టీకా మాని, ఊరూరా వెదకి, రక్తపరీక్షలు చేసి, లేదని రూఢి చేసుకొన్న తరువాత, 2006లో భారతదేశం ఈ అంటునుండి విముక్తమైనట్లు అంతర్జాతీయ గుర్తింపు లభించినది. 2011లో ప్రపంచంనుండే అది నిర్మూలమైనదని ప్రకటించినారు. మనుష్యుల ప్రయత్నంతో భూమిమీద లేకుండా పోయిన అంటురోగాలు నేటివరకు రెండే: మశూచి, రిండర్‌పెస్టు. ఒకటి మనుష్యులది, ఒకటి పశువులది.

మరి ఈ రెండే ఎందుకు పోయినవి? మిగిలినవి ఎందుకు పోలేదు? ఈ ప్రశ్నకు జవాబులో మనకు పనికివచ్చే పాఠం ఉన్నది. ఈ రెండు రోగాలూ దాగలేవు. మశూచి ముఖంమీద కనిపిస్తుంది; రిండర్‌పెస్టు కంటినీటిలో, చిగుళ్లలో కనిపిస్తుంది. ఈ రెండూ కోలుకొన్న ప్రాణిలో తిష్ఠవేసుకొని ఉండవు. కోలుకొన్నదానికి మరల రావు. రెండింటికీ ఒక్కసారి వేస్తే చాలా కాలం నిలిచే టీకా ఉన్నది. ఒక ప్రాణి దగ్గరగా మసలినప్పుడే మరొకదానికి సోకుతవి.

మిగిలిన రోగాలకు ఇంత సూటిదారి లేదు. మలేరియాకు దోమ ఉన్నది. పిచ్చికుక్క రోగం అడవి జంతువులలో కూడా ఉన్నది. 2020లో లోకాన్ని స్తంభింపజేసిన కోవిడు, ఒంట్లో నలత తెలియకముందే ఒకరినుండి మరొకరికి ప్రాకినది; కొందరికి నలత తెలియకుండానే ప్రాకినది. రోగం ఉన్నదని తెలియనివాడు దానిని ఎట్లు బయటపెట్టగలడు? అందుకే దానిని నిలుపడం అంత దుర్ఘటమైనది. అయినా అక్కడకూడా పనికివచ్చినవి ఆ పాత సూత్రాలే: వేరుగా ఉండడం, దారిని మూయడం, టీకా వేసుకోవడం.

ఇక మీ ఇంటికి, మీ పశువులశాలకు పనికివచ్చే నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

మొదటిది. పశువు మేత మానినదంటే, కంటినీరు కార్చినదంటే, నోట చొంగ కార్చినదంటే, ముందు దానిని మందనుండి విడదీసి వేరే పాకలో కట్టండి. దాని కుడితితొట్టి వేరు, దాని త్రాడు వేరు. దానికి మేత వేసిన మనిషి చేతులు, కాళ్లు సబ్బుతో కడుగుకొని గాని మిగిలిన పశువుల దగ్గరకు పోరాదు. జబ్బు ఏదో తెలిసిన తరువాత విడదీద్దామనుకోవడం, ఇల్లు కాలుతుంటే బావి త్రవ్వడం వంటిది.

రెండవది. క్రొత్తగా కొన్న పశువును తెచ్చిన దినమే మందలో కలుపవద్దు. రెండుమూడు వారాలు వేరుగా ఉంచి చూడండి. జబ్బుపడిన మందనుండి ఏ పశువునూ, అది ఎంత ఆరోగ్యంగా కనిపించినా, సంతకు తోలవద్దు. 2009లో వచ్చిన పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం, అంటువ్యాధి అనుమానం కలిగినప్పుడు గ్రామాధికారికో, పంచాయతీకో తెలుపడం పశువు యజమాని విధి. అటువంటి పశువును సంతకు తేవడం నిషిద్ధం. అయితే చట్టంకంటె ముందు చూడవలసినది పొరుగువాని కష్టం. చింతచెట్టు నీడ అందరిదీ.

మూడవది. టీకా అనేది వేయించుకొన్నవానికి మాత్రమే మేలు కాదు. తట్టు అనే పొంగు ఎంత సులభంగా ప్రాకుతుందంటే, దానిని ఊరిలో నిలువనీయకుండా చేయడానికి నూటికి తొంబైయైదుమంది పిల్లలకు టీకా అందవలె. ఆ తొంబైయైదుమంది కలసి, ఇంకా టీకా వయసు రాని చంటిబిడ్డను కాపాడుతారు. పశువుల విషయంలోనూ ఇంతే. రిండర్‌పెస్టుకు దగ్గరి చుట్టమైన పారుడు రోగం ఇంకా మన గొర్రెలను, మేకలను చంపుతున్నది. 2030 నాటికి దానిని లోకంనుండి తొలగించవలెనని 2015లో ప్రపంచ సంస్థలు సంకల్పించినవి. టీకా వేసేవారు ఊరికి వచ్చిననాడు మీ మందలో ఒక్క మేకపిల్లను దాచినా, ఆ సంకల్పానికి అంత రంధ్రం పడుతుంది.

నాలుగవది కుక్కకాటు. పిచ్చికుక్క రోగం ఒకమారు బయటపడితే ప్రాణం దక్కడం దాదాపు అసంభవం. కాని కాటుపడిన వెంటనే పదిహేను నిమిషాలసేపు ధారపడే నీటిలో సబ్బుతో గాయాన్ని కడిగి, ఆ దినమే ఆసుపత్రికి పోయి టీకాలు మొదలుపెట్టి, చెప్పిన తేదీలలో అన్నీ వేయించుకొంటే, ప్రాణానికి దాదాపు భయంలేదు. పసుపు, కారం, సున్నం వంటివి పూయవద్దు. దెబ్బలు తినవలసివస్తుందని పిల్లలు కుక్క కరిచిన సంగతి ఒక్కొక్కప్పుడు దాచిపెడతారు. ఇంట్లో ఆ భయం లేకుండా చేయడం కూడా రోగనివారణలో ఒక భాగమే.

ఇంతకూ ఆ రైతు సంగతి చెప్పలేదు. మరుసటి సంవత్సరం వానకాలంలో ఒకనాటి రాత్రి నా ఇంటి తలుపు చప్పుడైనది. తీసిచూస్తే ఆయనే. ఎనిమిది కిలోమీటర్లు లాంతరు పట్టుకొని నడచివచ్చినాడు. "దూడ కంటినీరు కారుస్తున్నది, అయ్యా. వేరే కొట్టంలో కట్టివేసినాను. ప్రక్కవాళ్లకు కూడా చెప్పినాను. వాళ్లు నామీద కోపగించలేదు, తమ గొడ్లను ఇంటిపట్టునే ఉంచినారు" అన్నాడు. తెల్లవారకముందే ఆయనవెంట వెళ్లినాను. దూడను పరీక్షించినాను. చిగుళ్లలో ఏమీ లేదు. కంటిలో గడ్డిపోచ గ్రుచ్చుకొన్నది. అంతే.

"ఊరికే మిమ్మల్ని శ్రమపెట్టినాను" అని ఆయన నొచ్చుకొన్నాడు. "పెద్దయ్యా, ఇటువంటి శ్రమ నూరుసార్లు పెట్టండి" అన్నాను. మశూచిని వెదకిన రోజులలో కార్యకర్తలకు వచ్చిన కబుర్లలో అనేకం ఆటలమ్మయో, గజ్జియో అయి ఉండేవి. అయినా ప్రతి కబురుకూ పోయి చూచినారు గనుకనే చివరి రోగి దొరికినాడు. ఉత్త కబురుకు పోయిన కాలినడక వ్యర్థం కాదు. రాని కబురే ప్రాణం తీస్తుంది.

రోగానికి కాళ్లు లేవు. మన మౌనమే దానికి కాళ్లు. ఆ వృద్ధుడు లాంతరు పట్టుకొని నడచిన ఎనిమిది కిలోమీటర్లను నేను నేటికీ మరువలేదు. ఆయన ఊరిలో ఆ తరువాత రిండర్‌పెస్టు మరల కనిపించలేదు.